బొమ్మిడి ప్లాట్‌ఫారం మీద డమ్మీ రోలు

కెమెరా నేర్పమని వచ్చే పిల్లలకు నేను ముందు కెమెరా ఇయ్యను. సంచి ఇస్తాను. నల్లగుడ్డతో కుట్టిన సంచి, చేతులు దూర్చేదానికి చొక్కా చేతుల మాదిరి రెండు గొట్టాలు ఉంటాయి. వాటిలో చేతులు పెట్టి, లోపల ఉండే పాత ఫిలిం చుట్టను తడిమి తడిమి డబ్బాలోకి ఎక్కించమంటాను. ఎక్కించేసరికి అందరికీ చెమట పడుతుంది.

"ఇప్పుడు ఫిలిమే లేదు గదా ఆంటీ, కార్డే గదా?" అంటారు.

నిజమే. అయినా ఎక్కించమంటాను. కండ్లకు కనపడని చోట మన చేతులు ఎంత అబద్ధం చెప్తాయో తెలవాలంటే ఆ సంచికన్నా మంచి గురువు లేదు.

నేను రిటైరై తమిళనాడులో ఉండే మా ధర్మపురికి వచ్చేసినానని తెలిసినప్పటి నుంచి, ఇక్కడి కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు శనివారం శనివారం మా మిద్దె మీదికి వస్తా ఉన్నారు. ముప్పై ఎనిమిదేండ్లు ఈ పని చేసినాను, ముందు అసిస్టెంటుగా, తర్వాత కెమెరామన్‌గా. కెమెరా ఉమన్ అని ఎవురూ అన్లేదు, నేనూ అడగలేదు. ఆ పిల్లలకు చెప్పేది మా ఇంటి పిల్లలకు గూడా ఉండనీ అని ఇది తెలుగులో రాస్తున్నాను. మా వాళ్ళకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. మా తమ్ముని కూతురు దీన్ని ఫోనుతో చదివించుకుని వింటుందంట. విననీ.

పెద్ద పెద్ద పిక్చర్ల కతలు చెప్పమని అడుగుతారు. వాటిల్లో నేను నేర్చింది తక్కువ. నేర్చిందంతా చదువుకునేటప్పుడే, అదీ ఒకే ఒక్క రోజు, ధర్మపురి పక్కనుండే బొమ్మిడి స్టేషన్లో.

సంచి

మా నాయనకు ధర్మపురి బజారులో పాత్రల అంగడి. ఇత్తడి, ఎవర్‌సిల్వర్ అనే స్టీలు. నేను మద్రాసు పోయి కెమెరా చదువుతానంటే ఆయన ఒక వారం మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, "పాస్‌పోర్ట్ సైజు ఫొటోకు మూడేండ్లు చదవాలనా?" అని అడిగినాడు. ఇది సినిమా కెమెరా నాయనా అంటే ఇంకొక వారం మాట్లాడలేదు. కడాకు మా అవ్వ, ఆయన్ను కన్నతల్లి, మధ్యలో పడి, "దానికి పాత్రలు తోమేది రాదు, అమ్మేది రాదు. పోనీరా," అని పంపించింది. అది సిఫారసో తిట్టో నాకు ఇప్పటికీ తెలీదు.

మద్రాసు ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో మా కెమెరా మాస్టర్ పేరు పద్మనాభన్. తమిళాయన. వయసులో ఉన్నప్పుడు కోడంబాక్కం స్టూడియోల్లో తెలుగు పౌరాణికాలకు పని చేసి, తెలుగంతా ఆ సెట్ల మీదే నేర్చినాడు. అందువల్ల ఆయనకు వచ్చిన తెలుగు దేవతలు, రాక్షసులు మాట్లాడే తెలుగే. నేను తెలుగుపిల్లనని తెలిసిన రోజు నుంచి నాకు ఆ యోగం పట్టింది.

నేను కెమెరా స్టాండును నేల మీద ఈడ్చుకుంటా పోతా ఉంటే వెనక నుంచి ఉరుము వినిపించేది. "ఓసీ బాలికా! త్రిపాదిని అటుల ఈడ్చెదవేల? అది నీకేమి అపకారము చేసినది?"

ఒక రోజు లెన్సు మూత తియ్యకుండా, "మాస్టర్, ఏమీ కనపడలేదు," అన్నాను. ఆయన కండ్లు మూసుకుని చెయ్యి పైకెత్తినాడు. "మూత తీయక చూచిన ముల్లోకములును చీకటియే కదా!"

క్లాసంతా నవ్వింది. అర్థం కాకపోయినా నవ్వింది. కానీ ఒకటి గమనించినాను. నిజంగా కోపం వస్తే మాస్టర్ తెలుగు వదిలేస్తాడు. మెల్లగా, మర్యాదగా తమిళంలో మాట్లాడతాడు. అప్పుడు ఎవురూ నవ్వేది లేదు.

మూడు నెలలు మమ్మల్ని నిజమైన ఫిలిం తాకనియ్యలేదు. డమ్మీతోనే ప్రాక్టీసు. డమ్మీ అంటే ఎప్పుడో ఆడి, గీతలు పడి, పనికిరాకుండా పోయిన సినిమా రీలు. ముందర ఒక పది బారలు ఖాళీ ఫిలిం ఉండేది, ఆ తర్వాత బొమ్మలు. ఎవురో హీరో తెల్లప్యాంటు వేసుకుని కొండ మీద డాన్సు చేస్తా ఉంటాడు. మా బ్యాచ్ అంతా ఆయన్ను కండ్లు మూసుకుని తాకి తాకి పెద్దయింది.

సెలవులకు ఊరికి సంచి తెచ్చుకున్నాను. నడవలో కూర్చుని, రెండు చేతులు లోపల పెట్టి, కండ్లు మూసుకుని, పెదాలతో అంకెలు లెక్కపెట్టుకుంటా ఉంటే అవ్వ చూసింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది, పాత్రలంగడి సరోజ మద్రాసులో ఏదో మంత్రం నేర్చుకుని వచ్చిందని. పక్కింటామె వచ్చి, కొడుకుకు ఉద్యోగం ఎప్పుడొస్తుందో ఆ సంచిలో చూసి చెప్పమనింది.

ఎవరు ఎప్పుడు నోరు తెరవాల

సెట్టు మీద మాట్లాడేదానికి వరుస ఉంటుంది. డైరెక్టరు సౌండు అడగాల, సౌండువాళ్ళు నడుస్తా ఉందని చెప్పాల, తర్వాత కెమెరా అడగాల, నేను నడుస్తా ఉందని చెప్పాల, క్లాప్ కొట్టాల, అప్పుడు యాక్షన్. కట్ అనే మాట డైరెక్టరు ఒక్కడిదే. ఇల్లు అంటుకున్నా ఆయన కట్ అన్నాకనే ఆర్పాల, అని మాస్టర్ చెప్పేవాడు.

షాటుకు ముందు నటించేవాళ్ళతో డైరెక్టరు తప్ప ఇంకెవ్వరూ మాట్లాడకూడదు. బాగా చేసినారని గూడా చెప్పకూడదు. ఇది నాకు అప్పట్లో అహంకారం మాదిరి కనపడింది. ఎందుకు పెట్టినారో బొమ్మిడిలో తెలిసింది.

ఇంకొకటి. గొడుగు మొదట కెమెరాకు పట్టాల, ఆ తర్వాత మనిషికి. నేను నెలల తరబడి ఎండలో నిలబడి ఒక ఇనప మిషనుకు గొడుగు పట్టినాను. సెలవులకు పోతే అవ్వ నా నల్లబడిన ముఖం చూసి, "మద్రాసులో నీడే లేదా?" అని ఏడ్చింది.

బొమ్మిడి

రెండో సంవత్సరంలో మేము ఒక చిన్న పిక్చరు తియ్యాల. డైరెక్టరు మా క్లాసు కణ్ణన్, కెమెరా నేను. కణ్ణన్ రాసిన కత చిన్నది. చదువుకునేదానికి మద్రాసు పోయే కూతుర్ని రైలెక్కించేదానికి తండ్రి వస్తాడు. బండి కదులుతుంది. అప్పుడు చూసుకుంటే కూతురికి ఇయ్యాల్సిన అన్నం క్యారియర్ ఆయన చేతిలోనే ఉంటుంది. అంతే. కూతురు తెర మీద కనపడదు గూడా. క్యారియర్ పట్టుకున్న తండ్రి ఏం చేస్తాడు అనేదే పిక్చరు.

"మా ఊరి తట్టు తీద్దాం. స్టేషను, క్యారియరు, నటుడు, భోజనం అంతా నేను చూసుకుంటాను," అని గొప్పలు పోయినాను.

బొమ్మిడి స్టేషన్లో ఒక్క రోజుకు అనుమతి దొరికింది. మద్రాసు పోయే ప్యాసింజరు పొద్దున పదికి వచ్చి రెండు నిమిషాలు నిలబడుతుంది. దాన్ని వదిలితే ఇంక మద్రాసు తట్టు పోయే బండి పగటిపూట అక్కడ నిలబడదు. తండ్రి పాత్రకు పాపారపట్టి తట్టు నాటకాలాడే మునుసామిని పిలిచినాను. పెద్ద గొంతు, పెద్ద మీసం.

ఆయన తొమ్మిదికే వచ్చినాడు. నల్లద్దాలు పెట్టుకుని వచ్చినాడు. తీస్తే రెండు కండ్లు పండిన మిరపకాయలు. మద్రాస్ ఐ, కండ్లకలక! మా కెమెరా మద్రాసు నుంచి వచ్చిన రోజే ఆయనకు ఆ జబ్బూ వచ్చింది.

కణ్ణన్ బెంచీ మీద కూలబడినాడు. అప్పుడే మాతో గూడా వచ్చిన మా నాయన అన్నం బుట్టలు, పిక్చరుకు కావాల్సిన క్యారియరు తీసుకుని వ్యాను దిగినాడు. అంగడి చొక్కా, పంచె, భుజం మీద తువ్వాలు. కణ్ణన్ ఆయన్ను తల నుంచి కాలి దాకా చూసి, నా తట్టు చూసినాడు.

"వద్దు," అన్నాను.

"ఆయన చేతిలో క్యారియర్ ఎట్లుందో చూడు," అన్నాడు కణ్ణన్.

నాయనకు చెప్తే కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం, "మాట్లాడే పని ఉందా?" అని అడిగినాడు. లేదంటే, "అయితే సరే. నిలబడేది మా అంగట్లో రోజూ చేసేదే," అన్నాడు.

మా పని చూసేదానికి మద్రాసు నుంచి వచ్చిన మాస్టర్ ముందుకొచ్చి చేతులు జోడించినాడు. "వణిక్ శిరోమణీ! నేటి మా కార్యభారము తమ భుజస్కంధములపై ఉన్నది."

నాయన నా చెవిలో, "ఎవురాయన, హరికత చెప్పే ఆయనా?" అన్నాడు.

గేటులో వెంట్రుక

ఇప్పుడు నా తప్పు చెప్తాను. సాకులు లేకుండా చెప్తాను.

కెమెరా మీద బిగించే ఫిలిం డబ్బాను మ్యాగజైన్ అంటారు. ఆ రోజు మా దగ్గర రెండుండె. ఒకదాంట్లో ఆ సీనుకని మాకిచ్చిన ఒకే ఒక్క కొత్త రోలు, నాలుగున్నర నిమిషాలది. రెండోదాంట్లో డమ్మీ. ఖాళీ దొరికితే ప్రాక్టీసు చెయ్యాలని మాస్టర్ ఎక్కడికి పోయినా డమ్మీ తెప్పించేవాడు. గుర్తుకు దాని మీద ఎర్ర టేపు అతికించి ఉండె. మంచి మ్యాగజైన్ మీద పేరు రాసి అతికించమని మాస్టర్ వందసార్లు చెప్పినాడు. ఎర్ర టేపు లేనిది మంచిది, ఇంక పేరెందుకు అని నా తెలివి.

పొద్దున ధర్మపురి నుంచి వ్యానులో వస్తా ఉంటే అవ్వ పంపించిన మామిడికాయ ఊరగాయ జాడీ మూత వదులై నూనె కారింది. కెమెరా పెట్టెల తట్టే కారింది. టేపు చుట్ట ముందర కూర్చున్న కణ్ణన్ సంచిలో ఉండె. నేనేం చేసినాను? డమ్మీ మీది ఎర్ర టేపు పీకి జాడీ మూతికి చుట్టినాను. దిగినాక మళ్ళీ అతికించొచ్చు అనుకున్నాను. దిగినాక మునుసామి కండ్లు చూసినాను, టేపు సంగతి మరిచిపోయినాను.

పదికి సిగ్నల్ పడింది. నేను చేతికందిన మ్యాగజైన్ బిగించినాను. ఫిలిం గేటులోకి ఎక్కించేటప్పుడు కొత్తదో పాతదో తెలీదా అని మీరు అడుగుతారు. తెలవాల. ముందర ఉండే పది బారలూ ఖాళీ ఫిలిం, అయినా రంగులో తేడా ఉంటుంది. కంటికి కనపడింది, బుద్ధికి ఎక్కలేదు. బండి వస్తా ఉండె.

కణ్ణన్ యాక్షన్ అన్నాడు. బండి కదిలింది. వ్యూఫైండర్లో నాయన.

ఆయన చెయ్యి ఊపినాడు. ఊపుతా ఊపుతా ఆ చేతిలోనే క్యారియర్ చూసినాడు. రెండడుగులు గబగబా వేసినాడు, ఆగిపోయినాడు. తర్వాత, ఇది ఎవురూ చెప్పలేదు, ఎవురైనా చూసినారేమో అని అటూ ఇటూ చూసినాడు. తూకంలో తప్పు చేసి దొరికిపోయిన అంగడి మనిషి మాదిరి. మెల్లగా పోయి బెంచీ మీద కూర్చున్నాడు. క్యారియర్ పక్కన పెట్టబోయి, పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత మీద అరచెయ్యి పెట్టి వేడి ఉందేమో చూసినాడు.

వ్యూఫైండర్ మసకగా అయింది. ఫోకస్ పోయిందనుకుని తిప్పబోయినాను. ఫోకస్ కాదు, నా కండ్లు.

"కట్!" అన్నాడు కణ్ణన్. పోర్టర్లు గూడా చప్పట్లు కొట్టినారు. మాస్టర్ దూరంగా తల ఆడించి, "గేటు పరిశీలింపుము," అన్నాడు. షాటు అయినాక లెన్సు వెనక ఉండే గేటులో వెంట్రుకో దుమ్మో ఇరుక్కుందేమో చూడాల, ఉంటే షాటు పోయినట్టే. కెమెరా తలుపు తెరిచినాను.

గేటులో వెంట్రుక లేదు. హీరో ఉన్నాడు. తెల్లప్యాంటు వేసుకుని కొండ మీద ఒక కాలెత్తుకుని నిలబడి ఉన్నాడు.

గంటలోపల

కణ్ణన్‌ను పక్కకు పిలిచి చెప్పినాను. వాడు తెల్లబోయినాడు, తర్వాత గుసగుసగా, "ఎవురికీ చెప్పొద్దు. కొత్త రోలును అట్లే డబ్బాలో మూసి సీలు వేసేద్దాం. కడిగినాక ఏమీ రాకపోతే ల్యాబు చెడగొట్టిందనుకుంటారు," అన్నాడు.

నేను ఒప్పుకుని ఉంటానా? ఒప్పుకున్నాను. రెండు నిమిషాలు ఒప్పుకున్నాను. అవతల నాయన పోర్టర్లకు పులిహోర వడ్డిస్తా, "మిషను కర్రుమంటా ఉంటే భయమే వెయ్యలేదు," అని చెప్తా ఉన్నాడు. ఆ మాట విని నా కాళ్ళు మాస్టర్ తట్టు పోయినాయి.

చెప్పినాను. మాస్టర్ ఒక్క తెలుగు మాట గూడా అన్లేదు. మెల్లగా, మర్యాదగా, తమిళంలో, "మొదల్ల అప్పావుకిట్ట సొల్లుమ్మా," అన్నాడు. ముందు మీ నాయనకు చెప్పమ్మా అని. "పోయింది నాది కాదు. కష్టం ఆయనది."

పోయి చెప్పినాను. నాయన గరిటె పట్టుకునే నిలబడినాడు.

"అంటే నేను చేసింది దేంట్లోకీ పోలేదా?"

"లేదు నాయనా."

"మరి ఆ మిషను తిరగతా ఉండె గదా?"

"తిరిగింది. దాంట్లో వేరే ఆయన డాన్సు చేస్తా ఉండె."

నాయన గరిటెను పులిహోర బుట్టలో పెట్టినాడు. కడాకు, "ఆయనకు పులిహోర లేదని చెప్పు," అన్నాడు. నవ్వాలనో ఏడవాలనో తెలీక రెండూ చేసినాను.

పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. తప్పు చెయ్యని అసిస్టెంటు లేడు. గంటలోపల చెప్పేవాణ్ణి పెట్టుకోండి, తర్వాత చెప్పేవాణ్ణి పంపించేయండి. నేను ముప్పై ఎనిమిదేండ్లు అట్లనే పెట్టుకున్నాను, అట్లనే పంపించినాను.

సాయంత్రం బండి

సాయంత్రం నాలుగుకు ఒక బండి ఉండె, కానీ అది సేలం పోయే బండి. మద్రాసుకు ఎదురు దిక్కు. "చూసేవాళ్ళకు రైలే గదా," అన్నాడు కణ్ణన్. వేరే దారి లేదు.

షాటుకు ముందు నటుడితో ఎవురూ మాట్లాడకూడదు అన్నాను గదా. మేము దిగులుగా నీడలో కూర్చున్నంతసేపూ, నల్లద్దాల మునుసామి మా నాయన పక్కనే ఉన్నాడు. తన పాత్ర పోయిన బాధ ఆయనకు ఉండనే ఉంది. "సెట్టియారే, ముఖంలో భావం చాలదు. దుఃఖం అంటే గుండె నుంచి రావాల," అని మొదలుపెట్టినాడంట. నాలుగుకు నాయన వస్తే నేను గుర్తుపట్టలేదు. ముఖానికి పౌడరు. మీసానికి నల్లరంగు. తువ్వాలు రాజుగారి ఉత్తరీయం మాదిరి మడిచి ఉంది.

కణ్ణన్ తుడవమని చెప్పేలోపల సిగ్నల్ పడింది. ఈసారి మ్యాగజైన్ తలుపు దగ్గర ఫిలిం కొనను మూడుసార్లు చూసినాను.

బండి కదిలింది. నాయన ఒక చెయ్యి గుండె మీద పెట్టినాడు. ఆకాశం చూసినాడు. క్యారియర్ ఉన్న చెయ్యి ముందుకు చాచి ఎవురినో శపించేవాడి మాదిరి వణికించినాడు. నాకు వ్యూఫైండర్లో ముల్లోకాలు చీకటైనాయి. వెనక మాస్టర్ మెల్లగా "శివ శివా" అనేది వినపడింది.

వణికించి వణికించి క్యారియర్ చేతిలో నుంచి జారింది. ఠంగుమని ప్లాట్‌ఫారం మీద పడి దొర్లింది.

అంతే. నటన పోయింది. నాయన ఉరికి దాన్ని పట్టుకున్నాడు. కుందేలును పట్టుకున్నట్టు రెండు చేతులతో. తిప్పి తిప్పి సొట్ట పడిందేమో చూసినాడు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నాడు. ఇంకొకసారి కొట్టి విన్నాడు. పగల్లేదు. తువ్వాలుతో దుమ్ము తుడిచినాడు. తుడుస్తా తలెత్తి చూస్తే బండి పోయి ఉంది. పట్టాల తట్టు అట్లే చూస్తా నిలబడినాడు, క్యారియర్ చెవి దగ్గరే పెట్టుకుని.

కణ్ణన్ కట్ అనలేదు. నాలుగున్నర నిమిషాల ఫిలిం అయిపోయేదాకా అనలేదు. నేనూ ఆపలేదు.

తెర మీద

క్యారియర్ పడిన చోటు నుంచే కణ్ణన్ పిక్చరులో పెట్టుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్ థియేటర్లో వేసిన రోజు నాయన మద్రాసుకు వచ్చినాడు. పట్టు అంచు పంచె కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. క్యారియర్‌ను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు అందరూ నవ్వినారు. పట్టాల తట్టు చూసినప్పుడు ఎవురూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో నాయన గొంతు గట్టిగా వినపడింది.

"ఇదు సేలం పోర వండి!" ఇది సేలం పోయే బండి అని.

థియేటరంతా వెనక్కి తిరిగి నన్నూ కణ్ణన్‌నూ చూసింది. మాస్టర్ లేచి నిలబడి, "సత్యము పలికితిరి!" అని నాయనకు దండం పెట్టినాడు. మాకు మార్కులు అందుకే రెండు తగ్గించినాడు. కెమెరా రిపోర్టులో డమ్మీ రోలు సంగతి పూర్తిగా రాసినందుకు నాకు ఒకటి కలిపినాడు.

పిక్చరు అయినాక నాయన, నేను బయట బస్సు స్టాపులో నిలబడి ఉన్నాం. నాయన రోడ్డు తట్టే చూస్తా అడిగినాడు.

"సరోజా, పొద్దున చేసింది గూడా ఇట్లనే ఉండెనా?"

ఇట్లనే ఉండె అంటే సరిపోయేది. ఆయన సంతోషంగా బండెక్కేవాడు.

"లేదు నాయనా. పొద్దునది దీనికన్నా బాగుండె. చానా బాగుండె."

"ఎవురెవురు చూసినారు?"

"మాస్టర్ దూరంగా ఉండె. కణ్ణన్ బండి తట్టు చూస్తా ఉండె. దగ్గర్నుంచి చూసింది నేనొక్కదాన్నే."

నాయన ఆలోచించినాడు. అంగట్లో మంచి చెంబు చేతికొస్తే, అమ్మాల్నా ఇంట్లో పెట్టుకోవాల్నా అని ఆలోచించేవాడు, అట్లా.

"నువ్వు చూసినావు గదా," అన్నాడు. "ఇంక ఎవురికి చూపించాల?"

అంతలో బస్సు వచ్చింది. జనాన్ని తోసుకుని ముందు ఆయనే ఎక్కి, కిటికీ పక్కన నాకని తువ్వాలు వేసి చోటు పట్టినాడు.